ఆట దించుకుంటే అంగడి దిగింది

పెద్ద కంప్యూటర్ గేమ్ ఏదైనా ఇప్పుడు పదుల గిగాబైట్లు ఉంటుంది. దాన్ని ఉచితంగా ఇస్తామని ఊరించే సైటులో పచ్చటి ‘డౌన్‌లోడ్’ మీట నొక్కితే మాత్రం దిగే ఫైలు చాలాసార్లు రెండు మూడు మెగాబైట్లే. గేమ్ అందులో పట్టే ప్రసక్తే లేదు. అది గేమ్‌ను తెచ్చిపెడతానని చెప్పుకునే దళారి ప్రోగ్రామ్. తెరిచిన మరుక్షణం అది ఎక్కడో ఉన్న సర్వర్‌తో మాట్లాడుతుంది. ఈ కంప్యూటర్ ఏ దేశంలో ఉంది, అందులో ఏ విండోస్ ఉంది, ఏ యాంటీవైరస్ కాపలా కాస్తోంది, ఇంతకుముందే బ్రౌజర్‌కు అతుక్కునే ఏ టూల్‌బార్లు చేరి ఉన్నాయి అన్న వివరాలు అందిస్తుంది. వాటిని బట్టి ఈ యంత్రంలో చోటు కోసం ఎవరి సరుకు ముందు పెట్టాలో సర్వర్ తేలుస్తుంది. గేమ్ ఆత్రంలో ‘నెక్స్ట్’ మీద ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయే వేలి కింద ఆ సరుకు సిద్ధంగా ఉంటుంది. చివరికి గేమ్ కూడా దిగవచ్చు, దిగకపోవచ్చు.

ఆ తరువాత బ్రౌజర్ తెరిస్తే ఎవరూ పెట్టని హోమ్‌పేజీ కనిపిస్తుంది. వెతికే మాటలు తెలియని సెర్చ్ ఇంజిన్‌కు పోతాయి. వార్తల సైటులోనూ ఆ సైటు వాళ్లు పెట్టని ప్రకటనలు మొలుస్తాయి. ఇంట్లో అందరూ ‘వైరస్ వచ్చింది’ అని తేల్చేస్తారు. అలా వైరస్ కోవలో వేసేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. వైరస్ రాసినవాడు దాక్కుంటాడు. యాడ్‌వేర్, అంటే ఇలా ప్రకటనలు రుద్దే ప్రోగ్రామ్, పంపినవాడికి కార్యాలయం ఉంటుంది, ఉద్యోగులుంటారు, పెట్టుబడి పెట్టిన సంస్థలుంటాయి, ప్రకటనదారులతో ఒప్పందాలుంటాయి. కొందరు స్టాక్ మార్కెట్ గడప దాకా వెళ్లారు. పాతికేళ్లుగా ఇది బహిరంగంగా సాగిన వ్యాపారం. ఇందులో అమ్ముడుపోయే వస్తువు వాడుకరి అనుమతి. ఆ అనుమతిని చౌకగా రాబట్టడానికి కంప్యూటర్ గేమ్‌ను మించిన ఎర దొరకలేదు.

కూరగాయల బండి దగ్గర అడిగి వేయించుకునే కొసరు కొన్నవాడి లాభం కోసం. ఇక్కడ కొసరుగా వచ్చేదానికి వేరొకరు డబ్బు చెల్లిస్తున్నారు, అదీ కొన్నవాడికి కాక బండివాడికి. ఈ ఒక్క తిరకాసులోనే మొత్తం వ్యాపారం ఉంది.

మొదట్లో దీన్ని తప్పుగా భావించినవారు తక్కువ. 1990ల చివర అమెరికాలో షేర్‌వేర్, అంటే ముందు వాడి చూసి నచ్చితే డబ్బు కట్టమనే ప్రోగ్రామ్‌లు, రాసే చిన్న రచయితలకు డబ్బు వచ్చే దారి లేదు. ‘మీ ప్రోగ్రామ్‌లో మా ప్రకటనల భాగాన్ని కలపండి, చూసిన ప్రకటనకు ఇంత ఇస్తాం’ అంటూ కొన్ని కంపెనీలు ముందుకు వచ్చాయి. 2000 సంవత్సరం తొలినాళ్లలో స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ తన కంప్యూటర్‌లోనే ఆరియేట్ అనే కంపెనీ ప్రకటనల భాగం తనకు తెలియకుండా చేరిందని గమనించి, దాన్ని తీసేసే చిన్న పనిముట్టు రాశాడు. ఈ తరహా ప్రోగ్రామ్‌లను ఏరివేసే తొలి పనిముట్లలో అదొకటి. అది బయటికి రావడంతోనే ఒక చిక్కు తేటతెల్లమైంది. ప్రోగ్రామ్‌ను తొలగించినా దానితో వచ్చిన ప్రకటనల భాగం కంప్యూటర్‌లోనే ఉండిపోతోంది. ఇచ్చిన వస్తువును వాడినంతకాలం ప్రకటనలు చూడాలన్నది న్యాయమైన బేరమే. వస్తువు పోయినా బేరం మిగిలిపోతే అది బేరం అనిపించుకోదు.

తరువాతి నాలుగైదేళ్లలో ఈ వ్యాపారం ఎంత పెరిగిందో క్లారియా అనే కంపెనీ లెక్కలే చెబుతాయి. గేటర్ అనే పాత పేరుతో అది కాజా వంటి పాటల పంపిణీ ప్రోగ్రామ్‌ల వెంట కంప్యూటర్లలోకి చేరేది. 2004లో షేర్లు జారీ చేయడానికి దరఖాస్తు పెట్టినప్పుడు 2003 ఆదాయం 9 కోట్ల డాలర్లు దాటిందనీ, తమ ప్రోగ్రామ్ 4 కోట్లకు పైగా వాడుకరుల దగ్గర ఉందనీ ప్రకటించింది. కొన్ని నెలలకే ఆ దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఆ 4 కోట్ల మందిలో దాన్ని పేరు పెట్టి అడిగి తెచ్చుకున్నవారు ఎందరో ఊహించుకోవడం కష్టం కాదు.

గేమ్‌ల వైపు చూస్తే అదే కాలంలో డీమన్ టూల్స్ చాలామందికి తెలిసిన పేరు. సీడీ డ్రైవ్‌లో సీడీ లేకుండానే ఉన్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే ఈ ప్రోగ్రామ్ గేమ్ ఆడేవారికి నిత్యావసరం. నాలుగో వెర్షన్ నుంచి దాని ఉచిత ప్యాకేజీలో వెన్‌యూ అనే కంపెనీ ప్రకటనల ప్రోగ్రామ్ కలిసి రావడం మొదలైంది. వద్దనుకునే వీలు ఉండేది. అయితే ఆ వీలు ఉన్న తెరను చదివి ఆగేవారు ఎంతమంది?

గేమ్‌ను నేరుగా ఎరగా వాడుకున్నవారిలో ఇద్దరి కథ చెప్పుకోవాలి. మొదటిది లాస్ ఏంజెలెస్‌లోని ఇంటర్‌మిక్స్ మీడియా. మైస్పేస్ అనే సామాజిక మాధ్యమానికి అప్పట్లో మాతృసంస్థ ఇదే. ఉచిత గేమ్‌లు, స్క్రీన్‌సేవర్లు, మౌస్ బాణానికి బొమ్మలు ఇచ్చే సైట్లు దానికి చాలా ఉండేవి. ఆ సరదా సరుకు వెంట చెప్పాపెట్టకుండా ప్రకటనల ప్రోగ్రామ్‌లు దిగుతున్నాయంటూ 2005 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ దావా వేశారు. ఒక్క న్యూయార్క్ రాష్ట్రవాసుల కంప్యూటర్లలోకే ఇలాంటివి 37 లక్షల సార్లు దిగాయని ఆయన కార్యాలయం ఆరోపించింది. 75 లక్షల డాలర్లు చెల్లించడానికి ఇంటర్‌మిక్స్ ఒప్పుకుంది. అదే ఏడాది జులైలో రూపర్ట్ మర్డోక్ న్యూస్ కార్ప్ ఆ కంపెనీని 58 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ అంకె ముందు పరిహారం ఖర్చుల పద్దులో ఒక వరుస మాత్రమే.

రెండోది వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ నగరంలో పుట్టిన 180సొల్యూషన్స్. తరువాత జాంగోగా పేరు మార్చుకుంది. ‘గేమ్‌లు, వీడియోలు ఉచితం, బదులుగా మా ప్రకటనలు చూడండి’ అన్నది దాని మాట. ఆ ప్రోగ్రామ్ వాడుకరి ఏ సైటుకు వెళ్తున్నాడో, ఏం వెతుకుతున్నాడో కనిపెట్టి, దానికి తగ్గ ప్రకటన విండోను పైకి తోసేది. విమాన టికెట్ల సైటు తెరిస్తే పోటీదారు సైటు ముందుకు దూకేది. కంపెనీ తన ప్రోగ్రామ్‌ను తానే పంచలేదు, పంచినవారికి తలకింత చొప్పున చెల్లించింది. ఆ పంచేవాళ్లు మరికొందరికి అప్పగించారు. గేమ్‌లు, స్క్రీన్‌సేవర్లు, చిన్నచిన్న ప్రోగ్రామ్‌లు, ఏది దొరికితే దాని వెంట అంటగట్టారు. కొన్నిచోట్ల బ్రౌజర్ లోపాలను ఆసరా చేసుకుని అసలు అడగకుండానే దించారు. నిలదీసినప్పుడు కంపెనీ జవాబు ఎప్పుడూ ఒకటే: తప్పు మాది కాదు, దారి తప్పిన పంపిణీదారులది.

వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ జవాబును ఒప్పుకోలేదు. జాంగో ప్రోగ్రామ్ అమెరికా వినియోగదారుల కంప్యూటర్లలోకి 7 కోట్లకు పైగా సార్లు చేరిందనీ, 690 కోట్లకు పైగా పాపప్ ప్రకటనలు చూపిందనీ లెక్క చెప్పింది. గుర్తుపట్టకుండా, తొలగించడానికి వీల్లేకుండా దాన్ని కావాలనే అలా రూపొందించారని ఆరోపించింది. 2006 నవంబరులో 30 లక్షల డాలర్లు కట్టడానికి, ఇకపై స్పష్టంగా అడిగి అనుమతి తీసుకున్నాకే ఏదైనా దించడానికి జాంగో అంగీకరించింది. పంపిణీదారులు చేసేదానిపై నిఘా బాధ్యత కూడా కంపెనీదేనని ఆ ఒప్పందం తేల్చింది.

ఇక్కడ ఆగి ఒక భాగహారం చేయవచ్చు. 30 లక్షల డాలర్లను 7 కోట్ల ఇన్‌స్టాల్స్‌తో భాగిస్తే ఒక్కోదానికి అయిదు సెంట్లు కూడా రావు. మరుసటి ఏడాది ఇలాంటి మరో కంపెనీ డైరెక్ట్ రెవెన్యూ విషయంలో ఈ చిక్కు కమిషన్ లోపలే రచ్చకెక్కింది. 15 లక్షల డాలర్లతో రాజీ కుదిరితే, యజమానులు 2 కోట్లకు పైగా డాలర్లు జేబులో వేసుకుని పోతున్నారంటూ కమిషనర్ జాన్ లీబోవిట్జ్ వ్యతిరేకంగా ఓటేశారు.

ఆ పరిహారాలకన్నా పదునైన దెబ్బ వేరే దిక్కు నుంచి వచ్చింది. 2007 జనవరిలో న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం ప్రకటనలు ఇచ్చినవారినే పట్టుకుంది. ప్రైస్‌లైన్, ట్రావెలాసిటీ, సింగులార్ వైర్‌లెస్ అనే మూడు పేరున్న కంపెనీలు డైరెక్ట్ రెవెన్యూ ద్వారా ప్రకటనలు వేయించుకున్నందుకు తలా 30 నుంచి 35 వేల డాలర్లు కట్టాయి. వాటి స్థాయికి అది చిల్లరే. కానీ తమ ప్రకటన చివరికి ఎక్కడ, ఏ దారిన కనిపిస్తోందో తెలుసుకోవలసిన పూచీ ప్రకటనదారుదే అని చెప్పిన తొలి సందర్భం అది. పేరున్న బ్రాండ్లకు కోర్టు కన్నా పత్రికల్లో శీర్షికంటేనే భయం ఎక్కువ. పెద్ద ప్రకటనదారులు జారుకోవడంతో ఈ తరం కంపెనీలు నీరసించాయి. క్లారియా 2006లోనే పాపప్‌ల నుంచి తప్పుకుంది. జాంగో 2009 ఏప్రిల్‌లో మూతపడింది.

మూతపడేముందు జాంగో చేసిన మరో పని ఇప్పటికీ ప్రభావం చూపుతోంది. తన ప్రోగ్రామ్‌ను అడ్డుకుంటున్నందుకు కాస్పర్‌స్కీ యాంటీవైరస్ కంపెనీపై దావా వేసింది. 2009 జూన్‌లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కాస్పర్‌స్కీకి చట్టరక్షణ ఉందని తీర్పు చెప్పింది. అప్పటికి గెలిచినా పండుగ చేసుకోవడానికి జాంగో లేదు, అది వేరే మాట. ఇలాంటి దావాల భయం మాత్రం యాంటీవైరస్ పరిశ్రమ నడకలో మిగిలిపోయింది. తెరపై ‘హానికర ప్రోగ్రామ్’ అని నేరుగా రాయకుండా ‘అవాంఛనీయం కావచ్చు’ అని నసిగినట్టు కనిపించడానికి ఒక కారణం ఇదే. వాడుకరి ఎక్కడో ‘సరే’ అన్నాడు కదా అని అవతలి వకీలు వాదించగలడు. ఆ మెతకదనం యాడ్‌వేర్‌కు బాగా కలిసొచ్చింది. చాలా యాంటీవైరస్‌లలో ఈ రకాన్ని అడ్డుకునే ఏర్పాటు ఏళ్ల తరబడి విడిగా ఆన్ చేసుకోవలసిందిగానే ఉండిపోయింది. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌లోనే అది తనంతట తాను పనిచేయడం 2021 ఆగస్టులో మొదలైంది.

రెండో తరం మరింత తెలివైనది. పాపప్‌లు తోసే పెద్ద కంపెనీ ఒకటి ఉంటే అందరి కళ్లూ దానిమీదే పడతాయి. అందుకని పని ముక్కలైంది. గేమ్ దించుకునే సైటు ఒకరిది, దాన్ని చుట్టి ఇచ్చే ఇన్‌స్టాలర్ మరొకరిది, అందులో చోటు కొనుక్కునే ప్రోగ్రామ్ ఇంకొకరిది. మధ్యలో లెక్కలు చూసే నెట్‌వర్క్ వేరు. చేరవేసిన ప్రతి ఇన్‌స్టాల్‌కూ చెల్లింపు. గూగుల్ పరిశోధకులు, న్యూయార్క్ విశ్వవిద్యాలయం వారితో కలిసి అమొనెటైజ్, ఇన్‌స్టాల్‌మొనెటైజర్, ఓపెన్‌క్యాండీ, అవుట్‌బ్రౌజ్ అనే నాలుగు నెట్‌వర్క్‌లను ఏడాది పాటు గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. దేశాన్ని బట్టి ఒక్కో ఇన్‌స్టాల్ ధర 10 సెంట్ల నుంచి డాలరున్నర దాకా పలికింది. బ్రౌజర్‌లో ప్రమాదాల గురించి హెచ్చరించే గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ ఇలాంటి డౌన్‌లోడ్‌లపై వారానికి 6 కోట్లకు పైగా హెచ్చరికలు చూపిస్తోందనీ, అది మాల్వేర్ (వైరస్ వంటి హానికర ప్రోగ్రామ్) హెచ్చరికలకు దాదాపు మూడు రెట్లనీ ఆ అధ్యయనం తేల్చింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో 39 లక్షల కంప్యూటర్ల సమాచారం చూస్తే సగానికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 54 శాతం యంత్రాల్లో ఈ అవాంఛిత సరుకు ఏదో ఒకటి కనిపించింది.

ధర దేశాన్ని బట్టి మారుతుందన్నది మన వైపు నుంచి చూస్తే చిన్న వివరం కాదు. సంపన్న దేశంలోని కంప్యూటర్‌లో ఒక్క టూల్‌బార్ దించి డాలరు సంపాదించేవాడు, ధర తక్కువ పలికే దేశంలో అదే డాలరు రావాలంటే ఎక్కువ యంత్రాల్లో, ఒక్కో యంత్రంలో ఎక్కువ సరుకు దించాలి. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టిన ఫైర్‌బాల్ ఉదంతాన్ని ఈ కోణంలో చూడవచ్చు. బీజింగ్‌లోని రాఫోటెక్ అనే డిజిటల్ మార్కెటింగ్ కంపెనీ తన ఉచిత ప్రోగ్రామ్‌ల వెంట దీన్ని చేర్చి, బ్రౌజర్లను తన నకిలీ సెర్చ్ పేజీలవైపు తిప్పింది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయని చెక్ పాయింట్ అంచనా వేసింది. దేశాలవారీ పట్టికలో మొదటి స్థానం భారత్‌దే, రెండున్నర కోట్లకు పైగా. ఈ అంకెలు మరీ ఎక్కువ చేసి చెప్పినవని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం తెలిపింది. అంకెలు తగ్గించి చూసుకున్నా వరుసలో మనం ముందుండటానికి కారణాలు వెతుక్కోనక్కరలేదు. డబ్బు పెట్టి ప్రోగ్రామ్ కొనే అలవాటు తక్కువ. అడుగడుగునా ‘ఫ్రీ డౌన్‌లోడ్’ వెతుకులాట. అప్‌డేట్ అందని విండోస్ నకలు ప్రతులు ఎక్కువ.

ఇన్‌స్టాలర్ తెరమీద జరిగే మాయ ఎక్కువగా మనస్తత్వానికి సంబంధించినది, సాంకేతికత తక్కువే. రెండు దారులు చూపుతుంది. ఒకటి ‘సిఫారసు చేసినది’, రెండోది ‘నిపుణుల కోసం’. కొసరు సరుకు వద్దనుకునే గడులన్నీ రెండో దారిలో దాగుంటాయి. తాను నిపుణుడినని అనుకోని ప్రతి ఒక్కరూ మొదటిదే నొక్కుతారు. గడిలో టిక్ ముందే పెట్టి ఉంటుంది. ‘అంగీకరిస్తున్నాను’ మీట నిండుగా మెరుస్తుంది, ‘వద్దు’ అన్నది పనిచేయనట్టు బూడిదరంగులో ఉంటుంది. గేమ్ ఒప్పంద పత్రమూ ప్రకటనల ప్రోగ్రామ్ ఒప్పంద పత్రమూ ఒకే రూపంలో వరుసగా వస్తాయి. రెండోది వేరే కంపెనీదని గమనించేవారు అరుదు. పైగా ఇదంతా ఇంగ్లీషులో, న్యాయవాదుల ఇంగ్లీషులో. దాన్ని చదివే ఓపిక ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికే లేనప్పుడు తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడికి ఉంటుందని ఎవరూ అనుకోరు. ఇన్‌స్టాలర్ తయారుచేసినవారు అసలే అనుకోరు.

వీటన్నిటికీ ముందు విండోస్ ఒకే ఒక్కసారి అడుగుతుంది: ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా? గేమ్ కోసం అవునంటాం. ఆ ఒక్క అవునుతో ఇన్‌స్టాలర్ చేతికి తాళాల గుత్తి మొత్తం వెళ్తుంది. అది ఆ తరువాత దించే ప్రతిదానికీ అదే అధికారం సంక్రమిస్తుంది.

ఈ సరుకు వల్ల డబ్బు ఎలా వస్తుందో చూస్తే హోమ్‌పేజీ మీద ఇంత పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. సెర్చ్ ఫలితాల పక్కన కనిపించే ప్రకటనల ఆదాయంలో వాటా ఆ సెర్చ్‌ను తెచ్చిపెట్టినవాడికి దక్కుతుంది. అందుకే బ్రౌజర్‌ను తన సెర్చ్ వైపు మళ్లించడం ఒక స్థిరాస్తి సంపాదించడం లాంటిదే. రెండో దారి ఇతరుల పేజీల్లో ప్రకటనలు జొప్పించడం. గూగుల్ సైట్లకు వచ్చే రోజువారీ ఐపీ చిరునామాల్లో 5 శాతానికి పైగా ఈ జొప్పించే ప్రోగ్రామ్‌ల జాడ ఉన్నట్టు 2015లో వెలువడిన అధ్యయనం చూపింది. పేజీ రాసిన పత్రికకు రావలసిన ప్రకటన డబ్బు మధ్యలో ఎవరో కాజేయడమన్నమాట. నష్టం వాడుకరితో ఆగలేదు.

ఇంత పెద్ద వ్యాపారంలో మంచి పేరున్న సైట్లూ చేయి తడుపుకున్నాయి. సీనెట్ వారి డౌన్‌లోడ్ డాట్ కామ్ 2011లో తన దగ్గరున్న ప్రోగ్రామ్‌లను సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి టూల్‌బార్లతో ఇవ్వడం మొదలుపెట్టింది. నెట్‌వర్క్‌లను పరిశీలించే ఎన్‌మ్యాప్ అనే ప్రోగ్రామ్ రచయిత గోర్డన్ లయన్ తన ప్రోగ్రామ్‌నూ అలాగే చుట్టారని ఆ ఏడాది చివర బహిరంగంగా నిలదీశాడు. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నెలవైన సోర్స్‌ఫోర్జ్ కూడా 2013లో ఇదే బాట పట్టి, విసిగిపోయిన గింప్ (బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్) బృందం వెళ్లిపోయాక 2015లో వారి పేరుతోనే చుట్టిన ఇన్‌స్టాలర్ ఇచ్చి అభాసుపాలైంది. యాజమాన్యం మారాక 2016లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది.

మిగతా ప్రోగ్రామ్‌ల కన్నా గేమ్ ఎందుకు గట్టి ఎర అన్నదానికి జవాబు క్రాక్ చేసిన, అంటే నకలు రక్షణ ఛేదించిన, గేమ్‌ల దగ్గర స్పష్టంగా దొరుకుతుంది. ఆ ఫైలుతో పాటు వచ్చే సూచనల్లో తరచూ మొదటి వాక్యం ‘యాంటీవైరస్ ఆపేయండి’ అన్నదే. అందులో కొంత నిజం ఉంది. నకలు రక్షణను తప్పించే ఫైళ్ల తీరు చూసి యాంటీవైరస్ అనుమానపడుతుంది, గేమ్ నడవాలంటే దాన్ని ఆపాల్సిందే. అలా వాడుకరి తానే కాపలాదారును సెలవుపై పంపించి తలుపు తీసి నిలబడతాడు. లోపలికి వచ్చిన తరువాత కంప్యూటర్ నెమ్మదించినా గేమ్ బరువైనది కాబట్టి అనుకుంటాడు. ఫ్యాన్ గోల చేసినా అంతే. మోసపోయానని తెలిసినా ఫిర్యాదు చేయడానికి ముఖం చెల్లదు, ఎందుకంటే తాను దించుకున్నదే దొంగ ప్రతి. ఇన్ని సౌకర్యాలు వర్డ్ ప్రాసెసర్ వెతుక్కునేవాడి దగ్గర దొరకవు.

అదే తలుపులోంచి యాడ్‌వేర్‌ను మించినవీ వస్తాయి. 2021 జూన్‌లో అవాస్ట్ అనే యాంటీవైరస్ సంస్థ క్రాకొనోష్ అనే మాల్వేర్‌ను వెలుగులోకి తెచ్చింది. జీటీఏ 5, ఫార్ క్రై 5, ద సిమ్స్ 4 వంటి గేమ్‌ల క్రాక్ ప్రతులలో అది దాగి ఉండేది. కంప్యూటర్‌ను కనీస ప్రోగ్రామ్‌లతోనే నడిచే సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి డిఫెండర్‌నే తొలగించి, మొనెరో అనే డిజిటల్ నాణేలను తవ్వేది. 2,22,000కు పైగా యంత్రాలకు సోకి, నడిపినవారికి 20 లక్షల డాలర్లకు పైగా సంపాదించి పెట్టిందని అవాస్ట్ లెక్క. ఎక్కువగా దెబ్బతిన్న దేశాల్లో ఫిలిప్పీన్స్, బ్రెజిల్‌లతో పాటు భారత్ ఉంది. కాలేజీ హాస్టళ్లలో పెన్‌డ్రైవ్ మీద గేమ్ గదిగదికీ తిరిగే చోట ఒక్క డౌన్‌లోడ్ ఎంతమందిదో ఏ లెక్కకూ అందదు.

అధికారిక దుకాణాలు ఈ ఎరకు కొంత విరుగుడు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో గేమ్ కొంటే మధ్యలో చుట్టేవాడు లేడు. 2015 చివరిలో అది రూపాయల ధరలు పెట్టడం, పండుగ తగ్గింపులు, ఎపిక్ దుకాణం క్రమం తప్పకుండా గేమ్‌లు ఉచితంగా ఇవ్వడం వల్ల దొంగ సైటుకు వెళ్లాల్సిన అగత్యం తగ్గింది. అలాగని దుకాణం లోపల అంతా శుభ్రమేనని చెప్పలేం. 2018 జూన్‌లో ఆటగాళ్లు స్టీమ్‌లోని డజన్ల కొద్దీ గేమ్‌లలో రెడ్ షెల్ అనే చిన్న భాగం ఉందని కనిపెట్టారు. అది ప్రకటనలు చూపదు. ఏ ప్రకటన నొక్కినవారు ఏ గేమ్ కొన్నారో జతపరచడానికి కంప్యూటర్ ఆనవాళ్లు సేకరిస్తుంది. సివిలైజేషన్ 6, కోనన్ ఎక్సైల్స్, ద ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ వంటి పేర్లు బయటికి వచ్చాయి. దుమారం లేచాక చాలామంది తయారీదారులు దాన్ని తీసేశారు. ఇవి పూర్తి ధర పెట్టి కొన్న గేమ్‌లు. ఉచితంగా ఇస్తున్నాం కాబట్టి ప్రకటనలు తప్పవన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఇన్‌స్టాలర్ చుట్టూ ఉన్న సరుకు గేమ్ లోపలికి చేరిపోవడమే గత పదేళ్ల మార్పు. దీనికి ఇజ్రాయెల్ కంపెనీ ఐరన్‌సోర్స్ ప్రయాణాన్ని మించిన నిదర్శనం లేదు. 2010లో మొదలైన ఈ కంపెనీ తొలినాళ్ల సరుకు ఇన్‌స్టాల్‌కోర్, అంటే ప్రోగ్రామ్‌లను చుట్టి వాటి వెంట వేరేవాటిని అందించే ఇన్‌స్టాలర్. అనేక యాంటీవైరస్‌లు దాన్ని అవాంఛితాల జాబితాలో పెట్టాయి. కంపెనీ క్రమంగా మొబైల్ గేమ్‌లలో ప్రకటనలు అమర్చే వ్యాపారానికి మారి, 2021లో వెయ్యి కోట్ల డాలర్లు దాటిన విలువతో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. 2022 జులైలో గేమ్ ఇంజిన్, అంటే గేమ్‌లు తయారుచేసే పునాది ప్రోగ్రామ్, అందించే కంపెనీ యూనిటీ దాన్ని దాదాపు 440 కోట్ల డాలర్లకు కలుపుకుంటున్నట్టు ప్రకటించింది. పాత ఇన్‌స్టాల్‌కోర్ చరిత్ర గుర్తున్న గేమ్ డెవలపర్లు మండిపడ్డారు. విలీనం ఆగలేదు. టాప్ 1,000 మొబైల్ గేమ్‌లలో 70 శాతం దాకా తమ ఇంజిన్‌తోనే తయారవుతాయని యూనిటీ చెప్పుకునేది. హైదరాబాద్‌లోని చిన్న స్టూడియోలకూ అది రోజువారీ పనిముట్టే. ఇప్పుడు అక్కడి నుంచి వచ్చే ప్రకటనలన్నీ మోసమని అనడం అన్యాయం. గేమ్ మధ్యలో కళ్లముందు కనిపించి, గేమ్ మూసేస్తే పోయే ప్రకటన పాత టూల్‌బార్ కన్నా ఎన్నో రెట్లు నిజాయితీ గలది. అయినా ఒక మౌలిక తేడా గమనించాలి. కంప్యూటర్ ఇన్‌స్టాలర్‌లో కనీసం ఒక టిక్ గడి ఉండేది. ఫోను గేమ్‌లో కలిసిపోయిన ప్రకటనల భాగాన్ని వద్దనడానికి అదీ లేదు, గేమ్‌నే వదులుకోవాలి.

ఆ భాగంలో ఏముందో ఒక్కోసారి గేమ్ తయారీదారుకే తెలియదు. 2019 మార్చిలో బయటపడ్డ సిమ్‌బాడ్ వ్యవహారంలో ప్లే స్టోర్‌లోని 206 యాప్‌లు చిక్కాయి. వాటిలో ఎక్కువ భాగం లారీలు, యంత్రాలు నడిపే సిమ్యులేటర్ గేమ్‌లే. మొత్తం డౌన్‌లోడ్‌లు దాదాపు 15 కోట్లు. గేమ్ మూసేసినా ప్రకటనలు తెరమీదకి రావడం, ఐకాన్ మాయమై తొలగించడానికి దొరక్కపోవడం దాని లక్షణాలు. ఇవి జాంగో రోజుల నాటి లక్షణాలే. వాటిలో వాడిన ప్రకటనల కిట్ అసలు రంగు తెలియకుండానే డెవలపర్లు దాన్ని కలుపుకొని ఉండవచ్చని చెక్ పాయింట్ అభిప్రాయపడింది. గూగుల్ ఆ యాప్‌లను తీసేసింది.

మన చట్టాల దగ్గరకు వస్తే, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి కలుషిత ప్రోగ్రామ్ చేర్చడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం కట్టాల్సిన తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. కానీ ఈ వ్యాపారం నిలబడ్డదే ‘అనుమతి తీసుకున్నాం’ అన్న మాట మీద. ముందే టిక్ పెట్టిన గడి అనుమతి అవుతుందా అన్నదానికి ఆ చట్టంలో సూటి జవాబు లేదు. 2023లో వచ్చిన రెండు ఏర్పాట్లు ఆ ఖాళీని కొంత పూరిస్తాయి. ఆ ఏడాది నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్‌ల (వాడుకరిని తప్పుదారి పట్టించే తెర రూపకల్పనల) మార్గదర్శకాలు 13 రకాల మాయలను పేర్కొన్నాయి. వాటిలో ‘రోగ్ మాల్వేర్’ అన్న పేరు చూసి ఇదే మనది అనుకోవచ్చు గానీ, అది ప్రధానంగా లేని వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజే మోసం గురించి. గేమ్ ఇన్‌స్టాలర్‌కు దగ్గరగా సరిపోయేవి వేరే ఉన్నాయి. అడిగినదానితో సంబంధం లేని సేవలో చేరేలా బలవంతపెట్టడం ఒకటి, తెర రూపకల్పనతో దారి మళ్లించడం మరొకటి.

రెండోది డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, షరతుల్లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలని దాని 6వ సెక్షన్ చెబుతుంది. ఆ లెక్కన ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి అనిపించుకోవడం కష్టం. 18 ఏళ్ల లోపు వారి విషయంలో తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలి, పిల్లలను లక్ష్యంగా చేసుకునే ప్రకటనలు నిషిద్ధం. గేమ్‌ల చుట్టూ తిరిగే వ్యాపారానికి ఇది సూటిగా తగిలే నిబంధన. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనూ చదివే వీలు కల్పించాలన్నది మరో షరతు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. చట్టం చేతికి అందేది పేరూ చిరునామా ఉన్నవారే. ఎక్కడో విదేశంలో పేర్లు మార్చుకుంటూ తిరిగే చుట్టుడు ఇన్‌స్టాలర్ల మీద దాని పట్టు ఎంతన్నది అనుమానమే. డబ్బు ఇచ్చే ప్రకటనదారులు, దాన్ని చేరవేసే పెద్ద నెట్‌వర్క్‌లు, యాప్ దుకాణాలు మాత్రం దేశంలో వ్యాపారం చేస్తున్నవే. 2007లో న్యూయార్క్ పట్టుకున్నది ఆ కొసనే.

ఈలోగా వాడుకరి చేతిలో ఉన్న పనులు కొన్నే. దిగిన ఫైలు పరిమాణం గేమ్ పరిమాణంతో పొంతన లేకుంటే తెరవక్కరలేదు. విండోస్ అనుమతి అడిగే తెరమీద ప్రచురణకర్త పేరు గేమ్ తయారీదారుది కాకపోతే ‘నో’ చెప్పవచ్చు. విండోస్ సెక్యూరిటీలో అవాంఛిత యాప్‌లను అడ్డుకునే మీట ఆన్‌లో ఉందో లేదో, ముఖ్యంగా పాత కంప్యూటర్లలో, ఒకసారి చూసుకోవాలి. ఇప్పటికే చేరినదాన్ని ఏరడానికి కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచిత పనిముట్లు ఉన్నాయి. ఫోన్ల కోసం అక్కడ ఉంచిన ఎం-కవచ్ అనే రక్షణ యాప్‌ను రూపొందించింది ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీ-డాక్ హైదరాబాద్ కేంద్రం. తొలగించాక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల జాబితానూ, సెర్చ్ ఇంజిన్ అమరికనూ విడిగా సరిచూసుకోవాలి. అసలు ప్రోగ్రామ్ పోయినా అవి మిగిలిపోవడం తరచూ జరిగేదే.